వేరుబూజుకు రిలీవింగ్ ఆర్డరు

గుమ్మలవలస ఘాట్ రోడ్డు పక్కన ముప్పై ఒక్క ఏళ్లు సర్వీసు చేసిన గుగ్గిలం చెట్టును మే నెలాఖరున ప్రజాప్రయోజనం దృష్ట్యా జిల్లా కేంద్రంలోని అటవీ డివిజన్ ఆఫీసుకు బదిలీ చేశారు గాని, దాని వేరుబూజును రిలీవ్ చేయడం మరిచిపోయారు.

చెట్టును బదిలీ చేయడంలో వింతేమీ లేదు. ఒకే చోట పదేళ్లపాటు ఒక్కరోజైనా విరామం లేకుండా పనిచేసిన వారందరినీ పర్మనెంటు చేయాలని ఎప్పుడో తీర్పు వచ్చింది. శాఖవారు జాబితా వేయడానికి కూర్చుంటే ఆ షరతుకు అక్షరాలా నిలబడినవి చెట్లే. వాటిని కాసే వాచర్లు నిలబడలేదు. వాళ్లను ఏటా ఏప్రిల్ ఒకటో తేదీన ఒక్కరోజు మానిపించి రెండో తేదీన మళ్లీ పెట్టుకోవడం ఆఫీసు ఆనవాయితీ మరి. అలా ఇరవై రెండేళ్లు ఆ కొండను కాసిన సవర జమ్మయ్య వాచరుగానే ఉండిపోయాడు, అతను కాసిన చెట్టుకు సర్వీసు రిజిస్టరు తెరిచారు. ఐడీ నంబరు నాలుగొందల పదిహేడు. పుట్టిన తేదీ తెలియని ఉద్యోగులందరికీ వేసినట్టే దానికీ జులై ఒకటి వేశారు.

బదిలీ కూడా పద్ధతి ప్రకారమే జరిగింది. రోడ్డు వెడల్పు చేయాలి, చెట్టు అడ్డం, నరికితే పేపర్లో పడుతుంది. కాబట్టి క్రేన్ తెచ్చారు, పెద్ద లారీ తెచ్చారు, చుట్టూ తవ్వి వేళ్లతో సహా పైకి లేపారు. అంతవరకు బాగానే ఉంది. అప్పుడు ఎవరికో గుర్తొచ్చింది. చెట్టు అటవీ శాఖది, వేళ్లకు పట్టుకున్న మట్టి గనుల శాఖది. పర్మిట్ లేకుండా లారీలో మట్టి తోలితే చెక్‌పోస్టులో ఆపేస్తారు. ఆపేస్తే సమాధానం ఎవడు చెప్పాలి? అందుకని రెండు ట్యాంకర్ల నీళ్లు తెప్పించి, పూటంతా పైపుతో కొట్టి, కన్యాదానంలో అల్లుడి కాళ్లు కడిగినంత శ్రద్ధగా ఆ వేళ్లను కడిగారు. మట్టి పోయింది. మట్టితోబాటు వేరుబూజూ పోయింది.

వేరుబూజు అంటే గోడకు పట్టే బూజు కాదు. గుగ్గిలం వేళ్ల కొసలకు తెల్లటి తొడుగులా పట్టుకుని, అక్కడినుంచి సన్నటి దారాలను మట్టిలోకి పాకించి, చెట్టు తనంతట తాను అందుకోలేని నీళ్లూ లవణాలూ తెచ్చి పెడుతుంది. చెట్టేమో పైన ఎండలో ఆకులతో వండిన తీపిలో దానికి వాటా పంపుతుంది. ఒకటి లేకపోతే రెండోది బతకదు. ఆ కొండ మీద ఆవులు కాసే ముసలమ్మకు కూడా ఈ సంగతి తెలుసు. బదిలీ ఉత్తర్వులో మాత్రం లేదు, ఎందుకంటే చెట్ల లెక్కింపు చేసినప్పుడు నేల పైన కనిపించినవాళ్లనే రాశారు.

జూన్ మూడున చెట్టు డివిజన్ ఆఫీసులో చేరింది. జెండా దిమ్మ పక్కన గొయ్యి తవ్వి నిలబెట్టారు. తోడుగా వచ్చిన జమ్మయ్యను దానికి నీళ్లు పోసే పనిలోనే ఉంచేశారు. జూన్ పదికల్లా ఆకులు అంచులనుంచి వడిలాయి. పన్నెండున అది అర్జీ పెట్టుకుంది. చెట్లు అర్జీ పెట్టుకునే పద్ధతి తెలిసిందే. ఎండుటాకు రాలుస్తాయి, వాచరు దాన్ని ఏరి తెల్లకాగితానికి అంటించి, కింద చెట్టు చేత జిగురు బొట్టు పెట్టించి, సెక్షన్లో ఇస్తాడు. విషయం వాచరు చెబితే గుమస్తా రాసుకోవాలి. ఆ అర్జీ వచ్చి సీనియర్ అసిస్టెంట్ తాలాడ ఇందుమతి బల్ల మీద పడింది. చదివి ఆవిడ కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది.

నాలుగొందల పదిహేడు కోరింది ఒక్కటే. తనకూ తన వేరుబూజుకూ ఒకే చోట పోస్టింగ్. భార్యాభర్తల కేటగిరీ కింద.

ఇందుమతికి గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఆ క్షణాన తెలిసొచ్చింది. ఆ కేటగిరీలో జిల్లాకు ఏడాదికి ఒక్క సీటే ఉంటుంది. ఆ సీటు కోసం ఆవిడ తొమ్మిదేళ్లుగా కాచుకుని ఉంది. ఆవిడ భర్త సింహాచలం పశువుల ఆసుపత్రిలో వెటర్నరీ అసిస్టెంటు. పోస్టింగ్ ఎక్కడయ్యా అంటే గుమ్మలవలసలోనే. రెండు బస్సులు, ఒక ఆటో, అయిదున్నర గంటల దారి. ఆవిడ వెళదామంటే అక్కడ సీనియర్ అసిస్టెంట్ పోస్టు లేదు, ఆయన వద్దామంటే ఆ కొండకు బదులు వెళ్లేవాడు లేడు. పెళ్లయిన పదిహేనో రోజున సెలవు అయిపోయి ఎవరి ఊరికి వాళ్లు వెళ్లారు. అప్పటినుంచి కాపురమంతా రెండో శనివారాలే. పిల్లల మాట అడిగే చుట్టాలు కూడా ఈమధ్య అడగడం మానేశారు. ఈ ఏడు పైవాళ్లంతా రిటైరై, ఇందుమతి పేరు జాబితాలో మొదటికి వచ్చింది. ముప్పై తొమ్మిదేళ్ల మనిషి, ఫోనులో ఆ మాట చెబుతూ చిన్నపిల్లలా ఏడ్చింది.

ఇప్పుడీ చెట్టు వచ్చి పక్కన నిలబడింది. దాని సర్వీసు ముప్పై ఒక్క ఏళ్లు. ఆవిడది పద్నాలుగు.

ఫైలు నడపకుండా తొక్కిపెట్టే మనిషి కాదు ఇందుమతి. నోట్ రాసి సూపరింటెండెంటు బగాది జగ్గారావు గారికి పంపింది. జగ్గారావు గారు చెడ్డవాడు కాదు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్క ఫైలునూ ప్రశ్న వేయకుండా పైకి పంపని మనిషి, అంతే. ఫైలు మర్నాడే తిరిగొచ్చింది. జంటలో భర్త ఎవరు, భార్య ఎవరు? పెళ్లి సర్టిఫికెట్ జతపరచలేదేం? వేరుబూజు ప్రభుత్వోద్యోగేనా, లేక చెట్టు తానే తిండి పెట్టి పెట్టుకున్న ఔట్‌సోర్సింగ్ మనిషా? ఇందుమతి లేచి ఆయన బల్ల దగ్గరికి వెళ్లి, సార్, ఇవన్నీ అడగాలా అంది.

"అడగకపోతే ఎలాగమ్మా? మొగుడెవరో పెళ్లామెవరో తేల్చకుండా ఫైలు పంపేస్తే రేపు పైనుంచి నన్ను అడగరేటి?"

అడుగుతారు, నిజమే. ఆ పైవాళ్లు కూడా ఒకప్పుడు జగ్గారావు గారి బల్ల మీదే పని నేర్చుకున్నారు. ఇందుమతి పంచాయతీ కార్యదర్శి చేత సహజీవనం సర్టిఫికెట్ తెప్పించి, చెట్టు పేరుకు ఎదురుగా 'దరఖాస్తుదారు' అనీ, వేరుబూజుకు ఎదురుగా 'జీవిత భాగస్వామి' అనీ రాసి, ఆడా మగా గడి దగ్గర గీత కొట్టి మళ్లీ పంపింది. అంతలో గుమ్మలవలస రేంజి నుంచి విచారణ నివేదిక వచ్చింది. ఆ వేరుబూజు నాలుగొందల పదిహేడుతో మాత్రమే లేదట. ఆ వాలు మీదున్న అరవై రెండు చెట్ల వేళ్లనూ పట్టుకుని ఉందట. ఎండలో ఉన్నవాటి దగ్గర తీసుకుని నీడలో ఉన్న మొక్కలకు పెడుతోందట. అందరినీ తానే కలిపి ఉంచుతోందట.

జగ్గారావు గారు ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయారు. తరువాత ప్రవర్తనా నియమావళి తెరిచారు. జీవిత భాగస్వామి ఉండగా ప్రభుత్వ అనుమతి లేకుండా ఇంకో పెళ్లి చేసుకోకూడదు. ఇక్కడ అరవై రెండు పెళ్లిళ్లు అదనం. వేరుబూజుకు చార్జి మెమో ఇవ్వాలన్నారు. పిడకల వేటకు ఈ రామాయణంలో చోటు దొరికిందని ఇందుమతి పళ్లు కొరుక్కుంది, మెమో టైపు చేసింది. నేల కింద ఉండే ఉద్యోగికి కాగితం చేతికివ్వలేరు కాబట్టి, రేంజి సిబ్బంది దాన్ని పాత గొయ్యి పక్కన మేకు కొట్టి అతికించి, ఫొటో తీసి పంపారు. సమాధానానికి పదిహేను రోజుల గడువు.

సమాధానం గడువులోపే వచ్చింది. తొలకరి పడిన నాలుగో రోజున అరవై రెండు చెట్ల చుట్టూ పుట్టకొక్కులు లేచాయి. ఒక్కో చెట్టు చుట్టూ తెల్లటి గొడుగుల వరస. వేరుబూజు అంతకన్నా స్పష్టంగా చెప్పగలిగిందేమీ లేదు. బీటు ఆఫీసరు లెక్కపెట్టి రాసుకున్నాడు, సాక్షుల సంతకాలు పెట్టించాడు, అసలు వాంగ్మూలాన్ని గంపకెత్తి ఇంటికి తీసుకెళ్లి మసాలా వేసి వండుకు తిన్నాడు. ఫొటో మాత్రమే ఫైలుకు జత అయింది. అసలు కాపీ లేని వాంగ్మూలం చెల్లదని జగ్గారావు గారు, అసలు కాపీ ఏమైందో చెప్పమని పైనుంచి, రుచి బాగుందని రేంజి నుంచి. ఇందుమతికి తలప్రాణం తోకకొచ్చింది.

ఇన్ని ప్రశ్నల మధ్యా చెట్టు ఫైలు ఒక విషయంలో ఆవిడ ఫైలు కన్నా ముందే ఉంది. ఆ కేటగిరీ ఫారంలో పద్నాలుగో గడి ఒకటుంది. 'విడిగా ఉండడం వల్ల దరఖాస్తుదారు ప్రాణానికి ముప్పు ఉందా?' చెట్టు తరఫున జమ్మయ్య ఉంది అన్నాడు. తొమ్మిదేళ్ల కిందట ఇందుమతి ఆ గడిలో నిజాయితీగా 'లేదు' అని రాసింది. అప్పుడు పెళ్లయి మూడు నెలలు. ఏడాదిలో అయిపోతుంది కదా, అబద్ధం ఎందుకనుకుంది.

జగ్గారావు గారు రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. ఆయన గొంతులో ఎగతాళి లేదు. ఆడపడుచుకు చెప్పినట్టే చెప్పారు.

"ఏటనుకోకమ్మా. తొమ్మిదేళ్లయి మీరిద్దరూ బతికే ఉన్నారు కదా. అది అలా లేదు మరి."

ఇందుమతి సీటు కిటికీ పక్కనే. తల తిప్పితే చెట్టు. జూన్ అంతా ఆవిడ దాన్ని అలాగే చూసింది. పొద్దున వచ్చేసరికి జమ్మయ్య బిందెలతో నీళ్లు పోస్తూ ఉండేవాడు. గొయ్యి నిండా నీళ్లుండేవి, చెట్టు మాత్రం ఎండుతూ ఉండేది. కాలవలో నిలబడి దాహంతో చచ్చే మనిషిని ఎక్కడైనా చూశామా అని జమ్మయ్య అడిగేవాడు. నెలాఖరుకల్లా పై కొమ్మల ఆకులన్నీ రాలాయి. రాలిన ప్రతి ఆకూ పద్ధతి ప్రకారం ఒక అర్జీ. రోజుకు ముప్పై, నలభై వచ్చేవి. అన్నిటికీ ఇన్‌వర్డ్ నంబరు వేయాలి, అన్నిటికీ 'పరిశీలనలో ఉంది' అని జవాబివ్వాలి.

చెప్పుకోవడానికి సిగ్గేసే సంగతి ఒకటుంది గాని, చెప్పాల్సిందే. ఆవిడకు చెట్టు పోతే బాగుండునని అనిపించింది. తాను ఏమీ చేయక్కర్లేదు. ఫైలు ఎలా నడుస్తోందో అలా నడవనిస్తే చాలు. అయ్య వచ్చేదాకా అమావాస్య ఆగదు, కమిటీ కూర్చునేదాకా చెట్టు ఆగదు. అది పోతే సర్వీసు రిజిస్టరు మూసేస్తారు, సీటు తనది. ఒకరోజు మధ్యాహ్నం క్యారియర్ తెచ్చుకుని దాని మొదట్లోనే కూర్చుని తింది. ఆ కాస్త నీడ కూడా చిల్లులు పడి ఉంది. పెరుగన్నం కలుపుతూ ఉండగా ఒక ఆకు వచ్చి గిన్నెలో పడింది. తొమ్మిదేళ్లలో తాను పెట్టుకున్న అర్జీలు మొత్తం పద్దెనిమిది, వాటిలో ఏ ఒక్కటీ ఎవరి కంచంలోనూ పడలేదని తోచింది. ఒళ్లుమండిపోయింది. చెట్టు మీద కాదు. ఎవరి మీదో చెప్పమంటే చెప్పలేకపోయేది.

జమ్మయ్య కాస్త దూరంలో చుట్ట ఆర్పి దగ్గరికి వచ్చాడు. ఈ నెల రోజుల్లో అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు, కాబట్టి అతను ఎవరికీ ఏమీ చెప్పలేదు.

"దానికి కావలసింది ఆర్డరు కాదమ్మా," అన్నాడు. "దాని మట్టి. పాత గోతిలోది ఒక గంపెడు తెచ్చి యేళ్లకి తగిలేటట్టు ఏస్తే, అందులో ఉన్నదే పాకుతాది. మా యేపు గుగ్గిలం మొక్క ఎక్కడ నాటినా తల్లి సెట్టు కింది మట్టి పట్టుకెళ్లకుండా నాటరు."

ఒక గంపెడు మట్టి. క్రేనూ లారీ ట్యాంకర్లూ చేయలేని పని. అప్పటికీ ఇందుమతి పద్ధతి తప్పలేదు. గంపెడు మట్టి తరలింపుకు అనుమతి కోరుతూ గనుల శాఖకు లేఖ పెట్టింది. వాళ్లు చాలా మర్యాదగా, పదకొండు రోజులకు జవాబిచ్చారు. గంప అనేది గుర్తింపు ఉన్న కొలత కాదు, పరిమాణం ఘనపు మీటర్లలో తెలపాలి. తవ్వకం ప్రదేశం పటం జతచేయాలి. తవ్వకం వల్ల అక్కడి అడవికి నష్టం లేదని అటవీ శాఖ నుంచి సర్టిఫికెట్ తేవాలి. అటవీ శాఖలో ఆ సర్టిఫికెట్ ఇచ్చే సీటు ఎవరిదా అని చూస్తే ఇందుమతిదే. తనకు తాను అర్జీ పెట్టుకుంది, తానే ప్రశ్న వేసుకోకుండా పంపింది. జగ్గారావు గారు ప్రశ్న వేశారు.

ఆ సాయంత్రం ఆవిడ భర్తకు ఫోను చేసింది. రెండో శనివారం వస్తున్నారు కదా, వచ్చేటప్పుడు ఘాట్ రోడ్డు మలుపులో చెట్టు తీసిన గొయ్యి ఉంటుంది, అందులో మట్టి తీసుకురండి అంది. సింహాచలానికి చెట్టు సంగతి తెలుసు, ఈ ఏడు సీటు సంగతీ తెలుసు.

"అది బతికితే మనకి రాదు కదా ఇందూ?"

"రాదు. తీసుకురండి."

దారిలో రెండు చెక్‌పోస్టులు. సంచిలో మట్టి దొరికితే కేసు. సింహాచలం పశువులకు టీకాలు మోసుకెళ్లే నీలం పెట్టె ఒకటుంది, మంచుగడ్డలు వేసి మూత బిగించేది. మట్టి అందులో నింపాడు. తెల్లటి దారాలు సాలెగూడులా అల్లుకున్న ముద్ద, పైన నాలుగు తడి ఆకులు. రెండు చెక్‌పోస్టుల్లోనూ పెట్టె చూపించి, గాలికుంటు టీకా, మూత తీస్తే పాడైపోతుంది అన్నాడు. పశువుల డాక్టరుగారని సలాం కొట్టి పంపారు. దొంగతనం ఆయనకు కొత్త. బస్సు దిగేదాకా చొక్కా తడిసిపోతూనే ఉంది.

రెండో శనివారం మధ్యాహ్నం ఆఫీసుకు తాళం. ముగ్గురూ చెట్టు మొదట్లో కూర్చున్నారు. జమ్మయ్య వేళ్లు కనబడేదాకా చేత్తోనే తవ్వాడు, గునపం వద్దన్నాడు. సింహాచలం పశువుకు సూది వేసేటప్పటి నెమ్మదితో మట్టి అందించాడు, ఇందుమతి చీర కుచ్చిళ్లు దోపుకుని దాన్ని వేళ్ల చుట్టూ అదిమింది. నెలకు దొరికే ఒకటిన్నర రోజుల్లో మూడు గంటలు అక్కడే పోయాయి. గోళ్లలో మట్టితో ఇంటికి వెళ్లి ఇద్దరూ కలిసి అన్నం తిన్నారు. ఆదివారం నాలుగింటి బస్సుకు ఆయన వెళ్లిపోయాడు.

జులై పదిహేనున కూర్చోవాల్సిన జిల్లా కమిటీ నెలాఖరుకు వాయిదా పడింది. నెలాఖరుది ఆగస్టు పద్నాలుగుకు, అది ముప్పైకి. వాయిదాల వల్ల ఎవరికీ మేలు జరగదనే మాట తప్పు. ఆగస్టు మొదటి వారంలో చెట్టు మొదట్లో ఒక చిగురు కనిపించింది. జమ్మయ్య ఇందుమతిని చేయి పట్టుకుని తీసుకెళ్లి చూపించాడు. ఎర్రటి చిగురు, గోరంత. తరువాత పై కొమ్మల్లోనూ వచ్చాయి. అర్జీలు రాలడం ఆగిపోయింది. ఇన్‌వర్డ్ రిజిస్టరు ఖాళీగా ఉండడం చూసి జగ్గారావు గారు కంగారుపడ్డారు. ఇందుమతి మాత్రం ఎన్నో రోజుల తరువాత కిటికీ పూర్తిగా తెరిచి పెట్టుకుంది. తన సీటు పోతుందని తెలిసీ ఆవిడ సంతోషపడింది. ఈ ఒక్క జంటైనా కలిసిందనుకుంది.

ముప్పైన కమిటీ వచ్చింది. అయిదుగురు, ఒక ఫొటోగ్రాఫరు. ముందుగా రికార్డు చూశారు. రికార్డు ప్రకారం వేరుబూజు గుమ్మలవలసలోనే ఉంది, రిలీవింగ్ ఆర్డరు లేదు, చార్జి మెమో పెండింగు. తరువాత చెట్టును చూశారు. నిగనిగలాడుతోంది. ఒకాయన దాని చుట్టూ తిరిగి, జీవిత భాగస్వామి పక్కన లేకుండానే రెండువందల పద్నాలుగు కొత్త ఆకులు వేసిందంటే ఇక ఈ కేటగిరీ ఎందుకండీ అన్నాడు. మిగతా నలుగురూ తలలూపారు. మొదట్లో వాడిపోవడం కొత్త చోటు బెంగ మాత్రమేనని, అలవాటైతే ఎవరైనా చిగురిస్తారని తీర్మానం రాసుకున్నారు. పక్కనే నిలబడ్డ జమ్మయ్యను ఈసారి కూడా ఎవరూ ఏమీ అడగలేదు.

ఉరుము ఉరిమి మంగలం మీద పడింది. భార్యాభర్తల కేటగిరీని జిల్లాలో రద్దు చేశారు. చెట్టు అర్జీ, దానితోబాటు పెండింగులో ఉన్న నూట ఎనభై మూడు అర్జీలు మూసివేయాలి. ముఖ్య ఆధారం చెట్టు. అదనపు ఆధారం జాబితాలో మొదటి పేరు. తొమ్మిదేళ్లుగా విడిగా ఉంటూ ఒక్కరోజు కూడా అనారోగ్య సెలవు వాడని సీనియర్ అసిస్టెంట్ తాలాడ ఇందుమతి. పద్నాలుగో గడిలో సదరు ఉద్యోగి స్వయంగా 'లేదు' అని రాసి ఉన్నారు.

ఉత్తర్వు ముసాయిదా తయారుచేయాల్సిన సీటు కూడా ఆవిడదే. జగ్గారావు గారు ఫైలు స్వయంగా తెచ్చి బల్ల మీద పెట్టారు. ఆయన ముఖం నిజంగానే చిన్నబోయి ఉంది.

"నువ్వే పెట్టమ్మా డ్రాఫ్టు. వేరేవాళ్లకిస్తే తప్పులు పోతాయి."

ఇందుమతి నోరు తెరిచింది. దాని భాగస్వామి దాని దగ్గరే ఉంది సార్, మేమే తెచ్చాం, తవ్వి చూడండి అనాలి. అంటే ఏమవుతుంది? మట్టి తరలించినందుకు సింహాచలం సస్పెండవుతాడు, టీకాల పెట్టె వాడినందుకు ఇంకో చార్జి. జమ్మయ్యను ఏప్రిల్ ఒకటిదాకా ఆగకుండానే మానిపిస్తారు. వేళ్లను మళ్లీ కడుగుతారు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. ఆవిడ నోరు మూసుకుని కంప్యూటరు ఆన్ చేసింది.

ముసాయిదా గంటలో అయిపోయింది. ఆకుల సంఖ్య దగ్గర ఆగి, కిటికీలోంచి చూసి, రెండువందల పద్నాలుగును మూడువందలకు పైగా అని దిద్దింది. ఉత్తర్వు ప్రతులు ఎవరెవరికి పంపాలో ఆ జాబితాలో నూట ఎనభై మూడు జంటల పేర్లు వేసింది. మొదటి కవరు మీద గుమ్మలవలస పశువుల ఆసుపత్రి అడ్రసు చూసుకోకుండానే రాసింది. ఫోనులో చెప్పడం కన్నా కాగితం వెళ్లడమే మేలనిపించింది, ఎంతైనా త్రూ ప్రాపర్ చానల్. బయట జమ్మయ్య బిందె బోర్లించి, ఇక నీళ్లు అక్కర్లేదని పైపు చుట్టేస్తున్నాడు.

ఉత్తర్వు చివరి వాక్యం కమిటీవారే రాసి ఇచ్చారు. 'దరఖాస్తుదారులు ఎవరి స్థానాలలో వారు క్షేమంగా ఉన్నారు.' ఇందుమతి దాన్ని రెండుసార్లు చదివింది. ఎక్కడా తప్పు కనిపించలేదు. ఇనీషియల్ వేసి డిస్పాచ్‌కు పంపింది.